కోరుట్ల నిద్ర

చావు జరిగిన ఇంట్లో దినాలు కాగానే పని అయిపోయినట్టు కాదు. దగ్గరివాళ్లు ఎవరో ఒకరు వచ్చి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన మనిషిని తమ ఇంటికి తీసుకుపోతారు. తలకు నూనె పెడతారు, కల్లు పోస్తారు, కూరతో అన్నం తినిపించి ఆ పూటకు తమ ఇంట్లోనే పడుకోబెడతారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు దీన్ని నిద్రకు తీసుకుపోవడం అంటారు. ఎవరు పడితే వాళ్లు తీసుకుపోరు. తీసుకుపోయారంటే నువ్వు మా మనిషివి అని నలుగురి ముందు చెప్పినట్టు లెక్క. అలా పిలిచిన ఇంటిని ఎందుకు పిలిచారని ఎవరూ అడగరు. అడిగితే తప్పు.

సిరిసిల్లలో సాంచాలు నడిపే రాజ్‌కుమార్ భార్య సంధ్యారాణి కూడా అడగలేదు. మరమగ్గాలనే అక్కడ సాంచాలంటారు. ఉన్న నాలుగు సాంచాల చప్పుడు మధ్యనే ఆమె తల్లి భూమవ్వ చివరి ఏడాది గడిపి, ఆ ఇంట్లోనే కన్నుమూసింది. తండ్రి ముందే పోయాడు. అన్నదమ్ములు లేరు. తల్లితో పాటు పుట్టిల్లు అన్న మాట కూడా కాటికి పోయిందని సంధ్య అందరితో అంటుండేది. పండుగకో పబ్బానికో చీర పెట్టే చేతులు, అత్తింట్లో మాటపడితే రెండు రోజులు పోయి తలదాచుకునే చోటు, ఇక లేవు. ముప్పై నాలుగేళ్ల మనిషి చిన్నపిల్లలా ఆ ఒక్క మాట పట్టుకుని తిరిగింది.

సరిగ్గా అప్పుడు దిగింది రేణుక. కోరుట్ల కల్లుగీత కుటుంబానికి కోడలు. జగిత్యాలలో ఇంటర్ చదివిన రెండేళ్లు హాస్టల్లో సంధ్యతో ఒకే కంచంలో తిన్న సోపతి. పెళ్లిళ్లయ్యాక ఎనిమిదేళ్లు ఫోను కూడా లేదు. దినాలకు మూడు రోజుల ముందు కారు దిగి, లోపలికి వచ్చి, కొంగు నడుముకు దోపి అంట్ల బోళ్ల ముందు కూర్చుంది. వచ్చిపోయే వాళ్లకు చాయ పెట్టింది, బియ్యం ఏరింది, సంధ్య కొడుక్కు స్నానం చేయించింది. చుట్టాలు కూడా ఆశ్చర్యపోయారు. రక్తం పంచుకున్న వాళ్లే ఇంత చేయరన్నారు.

దినాలయిన మర్నాడు, "మా ఇంటికి నిద్రకు తీసుకపోత బావా" అని రాజ్‌కుమార్‌ను అడిగి సంధ్యను కారెక్కించుకుంది. కోరుట్లలో ఆమె అత్త సమ్మవ్వ పీట వేసి కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది. మామ గంగారాం, చెట్టు ఎక్కడం మానేసిన ముసలాయన, ఎవరినో బతిమాలి అప్పుడే దించిన ఈతకల్లు తెచ్చి, "తాగు బిడ్డా, కడుపుల మంట సల్లగైతది" అన్నాడు. బిడ్డ అన్న ఆ పిలుపుకు సంధ్య సమ్మవ్వ ఒళ్లో తల పెట్టి బోరున ఏడ్చింది. తనకు మళ్లీ ఒక పుట్టిల్లు దొరికిందని ఆ రోజు నమ్మింది. ఆ నమ్మకమే ఇక ఆమె ఆస్తి.

తెల్లారి లేచి చూస్తే తను పడుకున్న గదిలో గోడ పొడవునా డబ్బాలు. బలానికి పొడి, పండ్లపొడి, సబ్బులు, నూనెలు. పక్కన కోటు వేసుకున్న ఎవరితోనో రేణుక దిగిన ఫొటో.

"గివన్ని ఏంది సోపతి?"

"గవన్ని ఇప్పుడెందుకే. నువ్వు ముందుగాల తిను."

రెండోసారి అడిగినా చెప్పలేదు. మూడోసారి అడిగితే అప్పుడు చెప్పింది. నెట్‌వర్క్ మార్కెటింగ్ అంది. నలుగురిని చేర్పిస్తే, ఆ నలుగురు నలుగురిని చేర్పిస్తే అని కాగితం మీద గీతలు గీసింది. సంధ్య ఆ గీతలు చూడలేదు, రేణుక మొహమే చూసింది. బస్సెక్కే లోపు ఫోన్లో ఆధార్ కార్డు ఫొటో పంపి చేరిపోయింది. ఇంట్లో చెప్పకుండా చేరావేమని రాజ్‌కుమార్ గొణిగితే, నిద్ర చేసిన ఇంటిని అనుమానిస్తారా అని ఆయన మీదే లేచింది.

ప్రశ్నలన్నీ తర్వాత మొదలయ్యాయి. సంధ్య అడిగినవి కావు, సంధ్యను అడిగినవి. రేణుక పంపిన నలభై ప్రశ్నల కాగితం, వాటి కింద జవాబులు ఆమెకు నోటికొచ్చాయి. ఇది గొలుసు కట్టుడు కాదా అంటే కాదు, సామాను ఉన్నది కదా అనాలి. నాకు మాట్లాడటం రాదు అంటే నాకూ రాకపోయేది అనాలి. మా ఆయనను అడగాలి అంటే తప్పకుండా అడుగు, ఇద్దరూ రండి అనాలి. కాగితం మీద అందరూ మెత్తగా ఒప్పుకుంటారు. సిరిసిల్ల వాడల్లో మనుషులు కాగితం చదువుకుని పుట్టలేదు.

"గంత మంచి పొడైతే కిరాణంల ఎందుకమ్మరు?" అన్నాడు వీధి చివర చాయ హోటలు లచ్చయ్య.

"దుకాణపోనికిచ్చేది, టీవీల ఏసేది అంత మిగులుతది మామా. మిగిలింది మనకే ఇత్తరు."

"నాకెందుకిత్తరు? నేనేమన్న వాళ్ల అల్లునా?"

దానికి కాగితంలో జవాబు లేదు. సంధ్య కూడా నవ్వేసి చాయ తాగి వచ్చింది. ఇలాంటి ఎదురుదెబ్బలు తిన్న ప్రతిసారీ రేణుకకు ఫోను చేసేది. రేణుక ఓపికగా వినేది. తిన్నావా అని అడిగేది. నిజానికి సంధ్యకు పొడి కంటే, వచ్చే నాలుగు రూపాయల కంటే ఆ తిన్నావా ముఖ్యం. అది పోకూడదనే వాడవాడా తిరిగింది.

ఈ వ్యాపారంలో మొదటి పని వంద పేర్ల లిస్టు రాయడం. చుట్టాలు, పక్కింటివాళ్లు, కలిసి చదివినవాళ్లు, పాలమనిషి వరకు రాసినా సంధ్యకు డెబ్బై దాటలేదు.

"తెగిపోయినోళ్లను గూడ రాయి" అంది రేణుక ఫోనులో. "మాటలు లేనోళ్ల ఇంటికి మనమే ముందుగాల పోతే వాళ్లు కాదనరు. రెండు పనులైతయి, మనసు కలుస్తది, జాయినింగ్ అయితది."

తెగిపోయినవాళ్లు గోడ అవతలే ఉన్నారు. రాజ్‌కుమార్ అన్న ముత్యం, ఆయన భార్య రత్నమాల. ఎనిమిది సాంచాలు చెరి నాలుగు పంచుకునేటప్పుడు కరెంటు మీటరు ఎవరి పేరున ఉండాలన్న దగ్గర మాటా మాటా పెరిగి ఆరేళ్లయింది. ఒకరింటి నీళ్లు ఒకరు ముట్టరు. భూమవ్వ పోయిన రోజు రత్నమాల వచ్చి వాకిట్లో నిలబడి, కళ్లు తుడుచుకుని, మాట్లాడకుండానే వెళ్లిపోయింది.

సంధ్య ఆమె పేరు రాసుకుంది. ఒక మంగళవారం డజను అరటిపండ్లు, వాటి కింద సంచిలో రెండు డబ్బాలు పట్టుకుని పోయి, "అక్కా" అని పిలిచింది. రత్నమాల చేతిలో పని వదిలేసి లేచి వచ్చింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, గ్లాసు నీళ్లిచ్చి, తాగేదాకా చూస్తూ నిలబడింది. ఇద్దరూ ఏడ్చారు. వారం తిరగకముందే అన్నదమ్ములిద్దరూ ఒక బండి మీద నూలు తేవడానికి పోయారు. రత్నమాల చేరింది కూడా. ప్రతి నెలా ఏదో ఒకటి కొంటూనే వచ్చింది. అలా పది మంది అయ్యేసరికి సంధ్యకు సిల్వర్ వచ్చింది. అంటే కోటుకు పెట్టుకునే ఒక బిళ్ల. కోటు లేని వాళ్లు చీరకు పెట్టుకోవచ్చు.

ఆ బిళ్ల ఇచ్చేది ఒక ఆదివారం, జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో, మధ్యాహ్నం మూడింటికి. పొద్దున మీటింగు పెద్ద లీడర్లకు మాత్రమే. సంధ్యకు ఆగబుద్ధి కాలేదు. రేణుకకు ఇష్టమని బియ్యప్పిండితో సర్వప్ప కాల్చి మూట కట్టుకుని, ఆధార్ చూపించి టికెట్టు డబ్బుల్లేకుండా ఎనిమిదిన్నర బస్సే ఎక్కింది. పదిన్నరకు హాలు దగ్గర దిగింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. మెల్లగా లోపలికి పోయి, వెనక వరసలో స్తంభం పక్కన కుర్చీలో కూర్చుంది. స్టేజీ మీద పట్టుచీరలో, చేతిలో మైకుతో తన సోపతి. సంధ్యకు గుండె పొంగింది.

తెర మీద నలభై ప్రశ్నలు ఒకటొకటిగా వస్తున్నాయి. రేణుక చెబుతోంది, ముందున్న అరవై మంది రాసుకుంటున్నారు. వెనక సంధ్య కూడా పెదవులు కదుపుతూ జవాబులు తనలో తాను చెప్పుకుంటోంది. అప్పుడు బీర్పూర్ నుంచి వచ్చిన ఒకావిడ లేచింది.

"మేడం, ఎన్నేండ్లకెన్నేండ్లు మాటముచ్చట లేనోళ్లుంటరు. గసొంటోళ్ల కాడికి ఎట్ల పోవాలె? పోంగనే ఎందుకచ్చినవని అడుగుతరు గదా."

"మంచి ప్రశ్న" అంది రేణుక. "మీకొక ముచ్చట చెప్త. పేరు చెప్పను. సిరిసిల్ల ఆమె, నాతోని ఇంటర్ చదివింది. ఎనిమిదేండ్ల సంది నేను ఫోన్ జెయ్యలే. డైరెక్ట్‌గ పోయి బిజినెస్ అంటే ఏం జేస్తది? తలుపేస్తది. అందుకే నేనేం జేసిన, ఆమె వాట్సాప్ స్టేటస్ సూసుకుంట ఊకున్న. ఒకరోజు వాళ్లమ్మ ఫొటో పెట్టింది, దండ ఏసి."

రేణుక మైకు చెయ్యి మార్చుకుంది.

"అప్పుడు పోయిన. బిజినెస్ మాట తియ్యలే. మూడొద్దులు బోళ్లు తోమిన. దినాలైనంక నిద్రకు తెచ్చుకున్న. మా అత్తతోని తలకు నూనె పెట్టిచ్చిన, మా మామతోని కల్లు తెప్పిచ్చిన. ఆమె పండే అర్రల డబ్బాలన్ని కనవడేటట్టు సదిరి పెట్టిన. పొద్దుగాల లేషి ఆమెనే అడిగింది, గివన్ని ఏందని. నేను చెప్పలే. రెండోసారి అడిగింది, చెప్పలే. మూడోసారికి చెప్పిన. మన నలభై ప్రశ్నలల్ల ఒక్కటంటె ఒక్కటి అడగలే ఆమె. ఇయ్యాల సిల్వర్ తీసుకుంటున్నది. కష్టంల ఉన్నోళ్లు ప్రశ్నలడగరు. రాసుకోండ్రి."

అందరూ రాసుకున్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఏడు నెలల అలవాటు కొద్దీ సంధ్య చేతులు కూడా లేచాయి. లేచినవాటిని ఏం చేయాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. ఇక్కడ నానబోసింది గింజలు కాదు, తల్లి పోయిన దుఃఖం. దాన్ని అరవై మంది పుస్తకాల్లో రాసుకుపోతున్నారు. రేపు వాళ్లు ఎక్కడెక్కడ దండ వేసిన ఫొటోలు చూస్తారో, ఏ వాకిళ్లలో బోళ్లు తోముతారో.

భోజనాల వేళ రేణుకే ఆమెను చూసింది. నవ్వుతూ వచ్చి, "ఎప్పుడచ్చినవే సోపతీ?" అంది.

"పొద్దుగాల్నే."

నవ్వు ఆగిపోయింది. రేణుక ఆమె రెక్క పట్టుకుని హాలు పక్కన బండ్లు పెట్టిన చోటికి తీసుకుపోయింది. అక్కడ ఎవరూ లేరు. వంటల పొగ మాత్రం వస్తోంది.

"నీ పేరు చెప్పలే గదా" అంది మొదట.

"పేరు చెప్పకుంటె మా అమ్మ మా అమ్మ గాకుంట పోతదా?" సంధ్య గొంతు పెద్దది కాలేదు. "ఒక్కటే అడుగుత. ఫొటో సూసే అచ్చినవా?"

రేణుక ఆమె రెక్క వదిలేసింది. "సూసే అచ్చిన. అబద్ధమెందుకు చెప్త. అప్పుడు నా కింద ఒక్కలు గూడ నిలవడలే. మా ఆయన శ్రవణ్ దుబాయిల కంపెనీ బందయి అచ్చి ఇంట్ల కూసున్నడు. నాకు వేరే తొవ్వ లేకుండె. గని నువ్వు మా అత్త ఒళ్లె ఏడుస్తుంటె నాకు గూడ ఏడుపచ్చింది సంధ్యా. గది మాత్రం అబద్ధం గాదు. మా అత్తమామలకు ఈ ముచ్చటే ఎరుక లేదు, వాళ్లు నిన్ను బిడ్డ లెక్కనే సూసిండ్రు."

ఆ మాట నిజమే కావచ్చు. సంధ్యకు నమ్మాలనే ఉంది. సమ్మవ్వ చేతి నూనె వాసన ఇంకా గుర్తుంది. కానీ ఇదే గొంతుతో, ఇలాగే కళ్లలో నీళ్లు పెట్టుకుని, ఎదుటివాడి మనసు విరిగితే ఏమనాలో కూడా ఈ మనిషి ఎవరికో నేర్పే ఉంటుంది. ఏది లోపలి నుంచి వచ్చిందో, ఏది నేర్చుకున్నదో ఇక ఎలా తేల్చుకోవడం? మోసం చేసినందుకు కాదు, నిజం చెప్పినా నమ్మలేకుండా చేసినందుకు సంధ్యకు కోపం వచ్చింది.

"ఇగ నీ ఇంటి గడప తొక్క" అంది. "గా బిళ్ల ఎవలకన్న ఇచ్చుకో."

తిరిగి రెండడుగులు వేసింది. వెనక నుంచి రేణుక అంది, అరవకుండా, అలసిపోయినట్టు.

"నన్నంటున్నవు. మరి రత్నమాలక్క కాడికి నువ్వెందుకు పోయినవు?"

సంధ్య ఆగలేదు. కానీ వేములవాడ మీదుగా వచ్చే బస్సులో కూర్చున్న రెండు గంటలూ ఆ మాట ఆమె పక్క సీట్లోనే కూర్చుంది. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. ఇప్పుడు తెలిసింది. నేను వేరు, నేను మనసు కలవాలనే పోయాను అని చెప్పుకోవడానికి చూసింది. లిస్టులో పేర్లు తక్కువ పడకపోతే పోయేదాన్నా అని ఒక్కసారి తనను తాను ప్రశ్నించుకున్నాక ఇక ఆ మాట నోట్లోకి రాలేదు.

పొద్దు వాలుతుండగా బస్సు దిగి, సొంత ఇంట్లోకి పోకుండా నేరుగా గోడ అవతలి ఇంటికి పోయింది. రత్నమాల కండెలు చుట్టే యంత్రం ముందు కూర్చుని ఉంది. మగ్గంలోని నాడెలో పెట్టే నూలు కండెలను ఆడవాళ్లే చుడతారు. సంధ్యను చూడగానే మోటరు ఆపింది.

"సిల్వర్ ఇచ్చిండ్రా? ఏది, సూపియ్యి."

"ఇయ్యలే అక్కా. నేనే తీసుకోలే. నీకొక మాట చెప్పాలె." సంధ్య నేల మీద కూర్చుంది. నిలబడి చెప్పలేననిపించింది. కోరుట్ల సంగతీ, జగిత్యాల హాలు సంగతీ అంతా చెప్పింది. చివరకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అసలుది చెప్పింది. "నేను గూడ నీ కాడికి గట్లనే అచ్చిన. వంద పేర్లు రాయమన్నరు. నాకు పేర్లు తక్కువ వడ్డయి."

రత్నమాల చుట్టిన కండెను తీసి పక్కన పెట్టింది. పక్క గదిలో ముత్యం నడుపుతున్న సాంచాల చప్పుడు ఆగకుండా వస్తోంది.

"నువ్వు అచ్చిన్నాడే సంచి బరువు సూసిన" అంది రత్నమాల. "అరటిపండ్లకు గంత బరువుండది. అయినా ఊకున్న. మా ఇంటికచ్చినవు, పనిల పనిగ రెండు డబ్బాలు అమ్ముకున్నవనుకున్న. డబ్బాలమ్మేతందుకే మా ఇంటికచ్చినవనుకోలే."

"తప్పయింది అక్కా."

"మీ అమ్మ పోయినంక నిన్ను నిద్రకు నేను తీసుకపోదామనుకున్న. గోడవతల ఇల్లే అయినా నిద్ర నిద్రే గదా. మీ బావ వద్దన్నడు, మాటలు లేనోళ్లను ఎట్ల పిలుస్తవన్నడు. రెండొద్దులు కొట్లాడి ఒప్పిచ్చిన. కోడిని తెప్పిచ్చిన. పొద్దుగాల నిన్ను పిలుద్దామని వాకిట్లకచ్చేసరికి కోరుట్ల కారున్నది. నువ్వు ఎక్కుతున్నవు."

సంధ్య నోటి మీది కొంగు తీసింది. "నాకెందుకు చెప్పలే ఇన్నొద్దులు?"

"ఎప్పుడు చెప్పాలె? అచ్చిన్నాడల్లా పొడి ముచ్చటే చెప్తివి. అది అయిపోంగనే లేస్తివి."

సంధ్య ముందుకు జరిగి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. రత్నమాల కాళ్లు వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు, నూలు మీద కాలు పడకుండా జరిగినంత మెల్లగా.

"ఇగ అన్ని బంద్ జేస్త అక్కా. ఒక్క డబ్బా గూడ ముట్ట. ఉత్తగనే అస్త నీ కాడికి. రేపు పొద్దుగాల్నే అస్త, నీతోని కూసోని కండెలు సుడుత."

"రేపు రాకు" అంది రత్నమాల. "రేపచ్చినవంటె, గిది గూడ నీకు ఎవలో నేర్పిచ్చిండ్రనుకుంట."

అని మోటరు స్విచ్చు వేసింది.